మలుపులో రాయి

“చేతులు దించు!”

ఆ కేకకి నర్సు జిపారా ఉలిక్కిపడింది. హ్యాండిల్ వదిలిన రెండు చేతులూ గబుక్కున మళ్లీ హ్యాండిల్ మీదికొచ్చాయి. బండి ఒక్క ఊపు ఊగి ఆగింది.

కనుమ మలుపులో ఒక ముసలాయన చీపురు పట్టుకుని తారు మీది గులకరాళ్లు ఊడుస్తున్నాడు.

“ఏంటి తాతా, అలా అరుస్తావ్? దువా చేసుకుంటున్నాను.”

మలుపులో ఒక నల్లరాయి ఉంది. ఈ దారిలో ప్రమాదంలో పోయిన ఎవరికో నిలబెట్టిన రాయి. అలాంటిది కనబడితే అరచేతులు రెండూ ఎత్తి, ముఖానికి రాసుకుని, ‘ఆమీన్’ అనుకోవడం ఈ నరీన్ కొండల వైపు అందరికీ అలవాటే. గుర్రం మీద వెళ్లినా అంతే, మోటార్ సైకిల్ మీద వెళ్లినా అంతే. గుర్రానికి దారి తెలుసు, బండికి తెలియదు. ఆ తేడా ఎవరికీ పట్టలేదు.

“బండి ఆపి చేసుకో. వాడికేం తొందర లేదు,” అన్నాడు ముసలాయన.

జిపారాకి ఒళ్లు మండింది. పోయినవాళ్ల గురించి మాట్లాడే తీరు ఇదేనా?

“నాకుంది తొందర. పైన గుడారాల్లో బురుల్ అక్కని పిచ్చికుక్క కరిచింది. మొదటి సూది ఆస్పత్రిలో వేశాం. మిగతా నాలుగూ నేనే పట్టుకెళ్లి వేయాలి. ఇవాళ మూడో రోజు. ఒక్కటి తప్పినా ఆమె ప్రాణం మీదికొస్తుంది.”

“అయితే ముందు నువ్వు పైకి చేరాలి కదా. ఆ చైను చూడు, ముసలి మేక పొదుగులా వేలాడుతోంది.”

“నా చైను గొడవ నీకెందుకు?”

గేరు వేసి వెళ్లిపోయింది.

ఏడో రోజు మళ్లీ అదే మలుపు, అదే చీపురు.

“ఈసారి వేగం తగ్గించావు, మంచిదే. చేతులు మాత్రం ఎత్తావు,” అంటూ బండి చుట్టూ తిరిగాడు. “ముందు బ్రేకు అరిగిపోయింది. పట్టీ బిగించకపోతే అది హెల్మెట్ కాదు, టోపీ.”

“ఇంట్లో అత్తగారు ఒకరున్నారు తాతా. నాకు రెండో అత్తగారు అక్కర్లేదు.”

ముసలాయన పకపకా నవ్వి, జేబులోంచి ఎండు పెరుగు ఉండ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎంత కోపమైనా పెట్టింది వద్దనకూడదు కాబట్టి బుగ్గన వేసుకుని బయల్దేరింది.

పద్నాలుగో రోజు సన్నగా వాన. ముసలాయన రోడ్డుకి అడ్డంగా చీపురు చాచి నిలబడ్డాడు.

“ఇవాళ చేతులు ఎత్తనని మాటివ్వు, వదులుతాను.”

“దువా వద్దనే మనిషిని నిన్నే చూశాను. ఈ దారిలో నీ వాళ్లెవరూ పోలేదు కాబట్టి నీ నోటికి అలాంటి మాటలు వస్తున్నాయి.”

ముసలాయన ముఖం పాలిపోయింది. చీపురు పక్కకి తీశాడు.

జిపారా పంతానికి రెండు చేతులూ ఎత్తింది. అవి ముఖాన్ని తాకనే లేదు, ముందు చక్రం తడి గులకరాయి మీద జారింది. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు. మందున్న ఐసు పెట్టె దొర్లుకుంటూ లోయ అంచుకి పోయింది.

ముసలాయన చీపురు పారేసి, ఆ పెట్టె మీద బోర్లా పడ్డాడు.

లేచేసరికి ఆయన మోకాలు చిట్లి రక్తం కారుతోంది. పెట్టె మూత తీసి చూపించాడు. మందు సీసా పగల్లేదు.

తర్వాత వంగిన బ్రేకు పిడి సరిచేశాడు. కోటు జేబులోంచి పానా తీసి చైను బిగించాడు. ఒక్క మాట దెప్పలేదు. ఆఖర్న హెల్మెట్ పట్టీ తనే బిగించాడు.

“మెల్లగా వెళ్లమ్మా. ఆమె ఎదురుచూస్తూ ఉంటుంది.”

జిపారా సిగ్గుపడుతూ బండెక్కింది. తిరిగి వచ్చేటప్పుడు క్షమించమని అడుగుదాం అనుకుంది. వచ్చేసరికి మలుపులో ఎవరూ లేరు.

ఇరవై ఎనిమిదో రోజు. ఆఖరి సూది. బురుల్ అక్క నిక్షేపంగా ఉంది, గుర్రాల పాలు పితుకుతోందని కబురొచ్చింది.

బయల్దేరే ముందు జిపారా చైను చూసుకుంది. కొత్తగా వేయించిన బ్రేకు నొక్కి చూసింది. చక్రాల్లో గాలి చూసింది. పట్టీ బిగించుకుంది. ముసలాయన కోసం వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

మలుపులో ముసలాయన లేడు. నల్లరాయి కూడా లేదు. అది ఉన్నచోట కొత్తగా పూడ్చిన మట్టి కనబడింది.

తాతకేమైనా అయిందా? అయినా హ్యాండిల్ వదలకుండా మలుపు దాటింది.

దాటాక, రోడ్డు వెడల్పైన చోట, రాయి నిలబెట్టి ఉంది. దాని ముందు నాలుగు బండ్లు ఆగేంత నేల చదును చేసి ఉంది. రోడ్డు పనివాడొకడు అక్కడ కూర్చుని టీ తాగుతున్నాడు.

“దీన్ని ఇక్కడికెవరు తెచ్చారన్నా?”

“ఆ చీపురు తాతే. కుంటుకుంటూ పది రోజులు తవ్వాడు. ఎవరో అమ్మాయి అక్కడ పడిపోయిందట. పొద్దుటినుంచి ఆరు బండ్లు ఆగాయి, తెలుసా?”

“తాత ఏడి?”

“నిన్ననే తన గొర్రెల మందతో అవతలి లోయకి వెళ్లిపోయాడు. ఇక వచ్చే వేసవికే రావడం.”

జిపారా ఇంజను ఆపింది. స్టాండు వేసింది. ఇన్నేళ్లుగా ఈ రాయిని చూసి చేతులెత్తిందే గానీ, దాని మీద ఏముందో ఏనాడూ చూడలేదు.

దగ్గరికెళ్లి వంగింది. నవ్వుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడి బొమ్మ. దాని కింద తెల్ల రంగుతో, వంకరటింకరగా, కొత్తగా రాసిన అక్షరాలు:

“బండి ఆపి దువా చేయండి. నా కొడుక్కి తొందర లేదు.”