గోడ వినే ఇల్లు

బస్తీని కూల్చి కట్టిన టవర్లలో జంగమ్మకు ముప్పై ఒకటో అంతస్తులో ఇల్లిచ్చారు. చేరిన నాలుగో నెలలో, అన్నం ముందు కూర్చున్న భర్త నర్సింలు ఉన్నట్టుండి పక్కకు ఒరిగి ప్రాణం విడిచాడు. బస్తీలో అయితే ఒక్క కేకకు గల్లీ అంతా ఉరికొచ్చేది. జంగమ్మ గుండెలు బాదుకుంటూ అరిచింది.

"శబ్దం పరిమితి దాటింది. కిటికీలు మూస్తున్నాను," అంది గోడలో బిగించిన యంత్రం.

"నా పెనిమిటి పోయిండే! మా గల్లీ లచ్చవ్వనన్నా పిలువరాదే!"

"లచ్చవ్వగారు తొమ్మిదో టవర్లో ఉన్నారు. మీ ఇంటికి రావడానికి ఎల్లుండి పదకొండింటికి అనుమతి దొరుకుతుంది."

జంగమ్మ తలుపు తీసి కారిడార్లోకి పరుగెత్తింది. అటూ ఇటూ మూసిన తలుపులే. ఏ తలుపు వెనక ఎవరున్నారో, ఏ పేరు పెట్టి పిలవాలో ఆమెకు తెలియదు. వెనక్కి వచ్చి, నర్సింలు వేళ్లకంటిన మెతుకులు తుడిచి, అతని తల ఒళ్లో పెట్టుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు వినపడకుండా ఏడ్చింది.