కాలిపోని విమానం

"నేను రాను. అది కాలిపోతది!" అంటూ మనీషా కుర్చీ కాలు గట్టిగా పట్టుకుని నేల మీద కూర్చుంది.

శంషాబాద్ విమానాశ్రయంలో అహ్మదాబాద్ విమానం ఎక్కేవాళ్లంతా అప్పటికే గేటు ముందు వరుస కట్టారు.

ఏడేళ్ల మనీషాది ఆ పక్కనే ఉన్న తొండుపల్లి. పుట్టినప్పటి నుంచీ ఇంటి కప్పు మీంచి విమానాలు పోతూనే ఉన్నాయి. వాటికి చేతులూపుతూ పెరిగిన పిల్ల, ఇవాళ వాటి మొహం చూడనంటోంది.

తప్పంతా తాత కుర్మయ్యది.

మొదటిసారి విమానం ఎక్కబోయే మనవరాలికి భయం ఉండొద్దని, "విమానం ఎట్ల పోతదో చూడు బిడ్డా" అని నిన్న సాయంత్రం ఫోన్‌లో ఒక సినిమా పెట్టాడు. అదేమో తెలుగులోకి డబ్బింగ్ చేసిన అంతరిక్షం సినిమా. అందులో చీకటి రాణి అని ఒకావిడ ఉంది. ఆవిడ నవ్వినప్పుడల్లా ఒక నౌక భగ్గుమంటుంది. ఆవిడేమో బాగా నవ్వే మనిషి. తాతకు మాత్రం సినిమా తెగ నచ్చింది.

"లే బిడ్డా. డాడీ దగ్గరికి పోవద్దా?" తల్లి సునీత బతిమాలింది.

సునీత భర్త రాజశేఖర్ అహ్మదాబాద్‌లో క్రేన్ నడుపుతాడు. మొన్న క్రేన్ దిగుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రేపు పొద్దున్నే ఆపరేషన్. పక్కన అయినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ విమానం తప్పితే, రైలులో పోయేసరికి ఆపరేషన్ కాస్తా అయిపోతుంది.

పక్క కుర్చీలో, వేరే విమానం కోసం కాబోలు, ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మండే ఎండాకాలంలో మెడకు మఫ్లర్ చుట్టుకుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు గుక్కగుక్కగా తాగుతోంది.

"పాపకు ఏమైందమ్మా?" బొంగురు గొంతుతో మెల్లగా అడిగింది.

సునీత సంచిని దగ్గరికి లాక్కుంది. ఎయిర్‌పోర్టులో కొత్తవాళ్లతో మాటలు వద్దని మామ కుర్మయ్య మరీ మరీ చెప్పి పంపాడు.

"సినిమా చూసి జడుసుకుంది" అంది ముక్తసరిగా.

"ఏ సినిమా?"

"గదే, చీకటి రాణిది. దాని నోట్ల మన్ను వడ! రాత్రంతా పిల్లను పండనియ్యలె."

పెద్దావిడ నవ్వేసింది.

"పడాల్సిందేలే అమ్మా. అంతరిక్షం సినిమాలతో వచ్చిన చిక్కే అది. నక్షత్రాలు ఎంత బాగా చూపిస్తారు! మన భూమిని గోళీకాయంత చేసి చూపిస్తే, ఇంటికెళ్లి అందర్నీ ఓసారి చూసుకోవాలనిపిస్తుంది. కానీ ఆ రాణి ఎందుకు కాలుస్తోందో ఒక్కడూ చెప్పడు. నవ్వడం, కాల్చడం. ఆవిడకు మాత్రం ఓ అమ్మ ఉండదా? ఆకలి వెయ్యదా?"

మనీషా కుర్చీ వెనక నుంచి తల బయటపెట్టింది.

"టీవీల జపాన్ బొమ్మల కథలల్ల ఉంటది. దయ్యానికి గూడ అమ్మ ఉంటది. యాదికొస్తే దయ్యం ఏడుస్తది."

"అవును కదా! అన్నం కూడా ఎంత కమ్మగా తింటారో. చూస్తుంటేనే నాకు ఆకలేస్తుంది."

"నాగ్గూడ."

"కానీ ఒక్క గుద్దు గుద్దడానికి వారం రోజులు ఆలోచిస్తారే! గాల్లోకి ఎగిరినవాడు కింద పడేలోపు వాడి చిన్నతనమంతా చెప్పేస్తారు."

మనీషా కిసుక్కున నవ్వింది.

"ఔ! రేపు గుద్దుతడని చూస్తే, రేపు గూడ గుద్దడు."

పిల్ల నవ్వేసరికి సునీత కాస్త మెత్తబడింది.

"గొంతు గట్ల పోయిందేంది మేడం?"

"వారం నుంచి అరిచి అరిచి పోయిందమ్మా. డాక్టరేమో అసలు మాట్లాడొద్దన్నాడు."

టీచరమ్మ అయి ఉంటుందనుకుంది సునీత.

ఇంతలో అహ్మదాబాద్‌కు ఆఖరి పిలుపు వినబడింది. సునీత చెయ్యి పట్టి లేపబోయింది. అంతే, మనీషా కెవ్వుమని మళ్లీ కుర్చీని కరుచుకుంది.

"మేడమ్, గేటు మూసేస్తున్నాం. పాప ఇలా ఏడుస్తుంటే ఎక్కించలేం" అంది గేటు దగ్గర అమ్మాయి.

సునీత పరుగున వెళ్లింది.

"జర ఆగుండ్రి అక్కా, మీ కాళ్లు మొక్కుత. ఆయన ఆడ ఒక్కడే ఉన్నడు."

నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేసింది.

కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి, పెద్దావిడ నేల మీద మోకాళ్లేసి మనీషా చెవిలో ఏదో చెబుతోంది. పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. చెప్పడం అయ్యాక పెద్దావిడ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది.

మనీషా లేచి, ముక్కు తుడుచుకుని, తిన్నగా గేటు దగ్గరికి నడిచి వచ్చింది.

"దా అమ్మా, పోదాం."

ఏం చెప్పిందో అడిగే తీరిక లేదు. పెద్దావిడ గొంతు పట్టుకుని దగ్గుతూనే, వెళ్లండి వెళ్లండి అని చెయ్యి ఊపింది. సునీత ఆవిడకు ఒక్క మాటైనా చెప్పకముందే, వాళ్లిద్దర్నీ లోపలికి పంపి గేటు మూసేశారు.

విమానం పైకి లేచింది. మనీషా కిటికీ అద్దానికి ముక్కు ఆనించి తొండుపల్లిలో తమ ఇల్లు వెతుక్కుంటోంది. సునీతకు ప్రాణం కుదుటపడింది. రేపు పొద్దున ఆయన కళ్లు తెరిచేసరికి పక్కనే ఉంటుంది. అది చాలు.

"ఏం చెప్పిందే ఆ పెద్దమ్మ?"

"ఈ విమానం జోలికి రానని ఒట్టేసింది."

"ఆమె ఒట్టేస్తే అయిపాయెనా? కాల్చేది ఆమె కాదు గదనే."

మనీషా తల్లిని జాలిగా చూసింది.

"ఆమెనే అమ్మా. నా చెవుల అట్లనే నవ్వి చూపిచ్చింది."

తెర మీద కనబడిన మొహం ఎవరిదో గానీ, నిన్న తాత ఫోన్‌లో నవ్వి నవ్వి ఆ నౌకలన్నిటినీ తెలుగులో తగలబెట్టిన గొంతు ఆ పెద్దావిడదే.