ఉప్పుటేటి కాపలాదారు

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోటికి చేపలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రెండు నెలలూ అక్కడ ఎవరూ వేటాడకూడదని పక్షులన్నీ కట్టుబాటు చేసుకుని, ధవళుడనే కొంగను కాపలా పెట్టాయి.

ఒక పొద్దున లకుముకి పిట్ట వచ్చి, "అన్నా, పిల్లలు నిన్నటి నుంచి పస్తులున్నాయి. ఒక్క చేప పట్టుకోనీ," అని బతిమాలింది.

"నీకు అనుమతిస్తే అందరూ అడుగుతారు. పో!" అని కసిరాడు ధవళుడు.

పిట్ట వెళ్లి మడచెట్టు మీద వాలిందో లేదో, గూడబాతు నీళ్లలోకి దిగి గొంతుసంచీ నిండా చేపల్ని తోడేసుకుంది. ధవళుడు అడ్డం వెళ్లబోయాడు.

"కోప్పడకు తమ్ముడూ, ఇది నీ వాటా," అంటూ గూడబాతు ఒక చేపను విసిరింది. కడుపు నిండా గుడ్లున్న చేప. ధవళుడు గుటుక్కున మింగేశాడు.

తలెత్తితే పిట్ట చూస్తోంది. ఖాళీ ముక్కుతో గూటికి ఎగిరిపోయింది. ధవళుడికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పక్షులన్నిటినీ పిలిచాడు. గూడబాతు తప్ప అన్నీ వచ్చాయి. ధవళుడు తను చేసింది తన నోటితోనే చెప్పుకున్నాడు. కాపలా వదిలేస్తానన్నాడు. కొన్ని ఛీ కొట్టాయి. ముసలి బాతు మాత్రం, "సిగ్గు ఎరిగినవాడివి, నువ్వే ఉండు. పిల్లలున్న పిట్టల్ని రోజుకొక చేప పట్టుకోనివ్వు," అంది.

మూడోనాడు గూడబాతు మళ్లీ వచ్చింది. ధవళుడు రెక్కలు చాచి నిలబడ్డాడు.

"మొన్న తిన్న నోరేగా! అందరికీ చెప్పేస్తాను," అని నవ్వింది గూడబాతు.

"నేనే చెప్పేశాను," అన్నాడు ధవళుడు. తల దించుకునే అన్నాడు గానీ, అడ్డం మాత్రం తొలగలేదు.