నీళ్ల వేడి

నొప్పి కబురు మెదడుకు చేరకుండా చెవి వెనక బిళ్ల పెట్టించుకోవడం ఇంటింటా మామూలైపోయింది. మోకాళ్ల బాధ వదిలిందని పైడమ్మ కూడా పెట్టించుకుని సంబరపడింది.

ఆ ఉదయం పీట మీద కూర్చుని, చాపిన కాళ్లమీద మనవరాలిని పడుకోబెట్టుకుంది. ఎప్పట్లాగే బకెట్లో చెయ్యి ముంచి చూసింది.

"గోరువెచ్చగానే ఉన్నాయిలే," అంటూ చెంబు ముంచి ఎత్తింది.

"అత్తా, నీ చెయ్యి చూసుకో," అంది కోడలు తులసి.

మణికట్టు దాకా ఎర్రగా కమిలి, బొబ్బలు లేస్తున్నాయి. ఎత్తిన చెంబులోంచి ఒక్క చుక్క పాప పాదం మీద పడింది. పాప కెవ్వుమంది.

పైడమ్మ చెంబు దూరంగా పెట్టేసింది. కాలితే తెలిసేది ఇంటిల్లిపాదిలో ఈ పసిదానికొక్కదానికే.

సాయంత్రం దానికీ బిళ్ల పెట్టించాలని నిన్ననే పేరు రాయించి వచ్చారు.