ఇద్దరూ మగపెళ్ళివారే

చంద్రుడి మీద కాపురం పెట్టాలంటే, పెళ్ళి నిజమైనదని వలస శాఖ యంత్రం ఒప్పుకోవాలి. ఝాన్సీకి అక్కడ ఉద్యోగం ఉంది. ఆమెను పెళ్ళాడిన హైమకు మాత్రం అనుమతి రాకపోతే ఈ సాయంత్రమే భూమికి తిరుగు ప్రయాణం.

ఇద్దరు ఆడపిల్లలు పెళ్ళి చేసుకోవడం యంత్రానికి వింత కాదు. అయితే అది లక్ష తెలుగు పెళ్ళి వీడియోలు చూసి పని నేర్చుకుంది. అందుకే తెర మీదున్న తల్లులిద్దరికీ వంగి దండం పెట్టి, "అమ్మా, మీలో ఆడపెళ్ళివారెవరు?" అని అడిగింది.

"మేం కాదు," అంది ఝాన్సీ తల్లి వరహాలమ్మ. "ముందు తాళి కట్టింది మా పిల్లే."

"అయితే ఏటి? ముళ్ళు గట్టిగా ఏసింది మా హైమ," అంది అప్పలనర్సమ్మ. "మాకు కాళ్ళు కడిగినోళ్ళేరీ?"

"మాకు మాత్రం కడిగారేటి?"

యంత్రం ఇద్దరికీ క్షమాపణ చెప్పుకుంది. "ఆడపెళ్ళివారు లేని పెళ్ళిని ఒప్పుకోలేను," అంది. హైమ ఏడుపు ఆపుకుంటూ పెట్టె సర్దసాగింది.

ఝాన్సీకి ఒళ్ళు మండింది. "పొద్దున్నుంచి ఇద్దరికీ దండాలు పెడుతున్నదెవరు? తప్పయిపోయిందంటున్నదెవరు? ఆడపెళ్ళివారివి నువ్వే!"

యంత్రం లక్ష పెళ్ళిళ్ళనూ మరోసారి తిరగేసింది. పోలిక అచ్చంగా సరిపోయింది. వెంటనే ముద్ర వేసింది.

"సూశారా వదినగారూ," అంది వరహాలమ్మ, మొదటిసారి వియ్యపురాలితో ప్రేమగా. "అప్పగింతల్లో ఆడపెళ్ళివారి కంట ఒక్క చుక్క లేదు!"

యంత్రం కంగారుపడి, సైరను మోగినట్టు ఏడుపు అందుకుంది.