కత్తెరమ్మ తనిఖీ

"సైన్యాన్ని తగ్గించమన్నాం, తగ్గిస్తున్నారు. బాగానే ఉంది. మళ్లీ కొత్తవాళ్లను రమ్మని ప్రకటనలకు ఖర్చెందుకండీ?" అంది కత్తెరమ్మ, కళ్లద్దాలను ముక్కు కొసకు జార్చి.

ఖర్చుల సంఘం అధ్యక్షురాలికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె సంతకం పెట్టకపోతే కొండమీది ఈ దళంలోకి ఈ ఏడాది కూడా కొత్త ముఖం రాదు. ఏటా ఆమె కాదంటూనే ఉంది. అది తలుచుకుంటేనే కెప్టెన్‌కు కడుపు మండుతుంది. అయినా గేటు తనే తీశాడు, టీ తనే తెచ్చి ఇచ్చాడు.

"మీకెందుకండీ ఈ శ్రమ?"

"మీకు టీ ఇచ్చే అదృష్టం ఇంకొకరికి వదులుకుంటానా?" అని అసలు సంగతిలోకి వచ్చాడు. "జుట్టు పెరిగితే కత్తిరిస్తామండీ. అలాగని తలకు నూనె రాయడం మానేస్తామా?"

"కబుర్లొద్దు. ఉన్నవాళ్లతో సర్దుకోండి."

"సర్దుకుంటూనే ఉన్నామండీ. వయసు ఆగదు కదా. ఉన్నవాళ్లకు మోకాళ్లు పట్టేస్తున్నాయి," అంటూ తన మోకాలు నిమురుకున్నాడు.

ఆమె లేచి బారక్ అంతా తిరిగింది. ఏ మంచం మీదా దుప్పటికి ముడత లేదు. కిటికీ చెక్కను వేలితో రాసి చూసుకుంది. దుమ్ము అంటలేదు.

"క్రమశిక్షణ మాటేమిటి?"

"నేను ముద్ద నోట పెట్టనిదే ఇక్కడ ఎవరూ తినరండీ. గొడవన్న మాటే లేదు."

"మరి అందరూ ఎక్కడ?"

"డ్యూటీలో ఉన్నారండీ. ఖాళీగా కూర్చున్నవాడు ఒక్కడు కూడా లేడు." కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, పొయ్యిలో మంట తగ్గించమన్నారు, తగ్గించాం. ఆర్పేయమని మాత్రం మీరు అనలేదు."

కత్తెరమ్మ నవ్వేసి, కలం తీసి సంతకం పెట్టింది.

"ఇంత బుద్ధిమంతుల దళాన్ని నేనెక్కడా చూడలేదు," అని మెచ్చుకుని కారెక్కింది.

కెప్టెన్ గేటు మూశాడు. గెలుపంటే ఇదీ అనిపించి అతనికి కళ్లు చెమర్చాయి. శుభవార్త ఏదైనా దళం మొత్తాన్ని మైదానంలో నిలబెట్టి చెప్పాలన్నది అక్కడి ఆనవాయితీ. మోకాలి నొప్పి మరచి మైదానానికి నడిచాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, కొండంతా మోగేలా బ్యూగిల్ ఊదాడు.

తర్వాత దాన్ని కిందపెట్టి, పరుగున వెళ్లి, వరుసలో తనొక్కడే నిలబడ్డాడు.