చదవని చిరునామా

రబాబ్ సంచి ట్రాములో పోయింది సోమవారం నాడు. అందులో లాప్‌టాప్ ఉంది.

మర్నాడు స్నేహితుడు సుహైల్ ఒక పాత లాప్‌టాప్ తెచ్చాడు. గట్టి భద్రత ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, వేరేచోట దాచి ఉంచిన కాగితాలన్నీ అందులోకి ఎక్కించాడు.

"వైఫై ఒక్కటే మిగిలింది. రేపు సాయంత్రం బిజెర్తా నుంచి వచ్చి చూస్తాలే," అని వెళ్ళాడు.

బుధవారం పొద్దున్నే స్ఫాక్స్ కోర్టు నుంచి లాయరు ఫోన్ చేశాడు. విచారణ గురువారం కాదు, ఇవాళే. మూడింటికి. సుహైల్ ఫోను అందలేదు.

సముద్రంలో తప్పిపోయిన కుర్రాళ్ళ తల్లులు పెట్టుకున్న సంఘానికి రబాబ్ కార్యదర్శి. ఆ కుర్రాళ్ళ పడవ మునగడం కళ్ళారా చూసిన జాలరి ఒకడు వాంగ్మూలం ఇచ్చాడు. మూడింటికల్లా అది అందకపోతే జడ్జి కేసు మూసేస్తాడు. జాలరి పేరు బయటికి పొక్కితే అతని ప్రాణానికి ముప్పు. అందుకే భద్రత ఉన్న యంత్రం నుంచి తప్ప ఏదీ పంపకూడదనీ, బటన్ల ఫోను తప్ప వాడకూడదనీ నియమం పెట్టింది రబాబే.

సంఘం గది కిందే కాఫీ కొట్టు. అక్కడ వైఫై ఉంది. రబాబ్ లాప్‌టాప్ తెచ్చి అక్కడ తెరిచింది. పక్కన మబ్రూకా కూర్చుంది. ఆ పడవలో వెళ్ళిన వాళ్ళలో ఆమె కొడుకు ఒకడు.

"ఏమంటోంది తల్లీ?"

"వైఫై చిప్పుకి ఒక ఫైలు కావాలంటోంది పిన్నీ. అది నెట్లో ఉందట."

"మరి తెచ్చుకో."

"నెట్టు ఉంటేగా తెచ్చుకోడానికి!"

"బాగుంది! తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టుంది."

పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన టీలో తేలే పైన్ గింజల్ని చెంచాతో ఏరుకు తింటున్నాడు. మోచేతుల దగ్గర కోటు అరిగిపోయి ఉంది. ఆయన ఇటు తిరిగాడు.

"అమ్మా, ఆ ఫైలు నా దగ్గరుంది. ఒక్క నిమిషం పని."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

రబాబ్ టక్కున లాప్‌టాప్ మూసింది.

"నాకు ఏ ఫైలు కావాలో నీకెలా తెలుసు?"

"తెర మీద కనబడింది. ఆ వరుస దూరం నుంచి చూసినా గుర్తుపడతాను."

"ఏ పోలీసు స్టేషన్ నుంచి వచ్చావు నువ్వు?"

ఆ 'నువ్వు' విని మబ్రూకా ఉలిక్కిపడింది. "పెద్దాయన, తల్లీ. పెట్టి చూడనీ. రెండు కావస్తోంది."

"నీకు తెలీదు పిన్నీ. వీళ్ళు ఇలాగే వస్తారు." రబాబ్ లేచి నిలబడింది. "కార్డు చూపించు."

కొట్టంతా ఇటు తిరిగింది. కాఫీలు అందించే జల్లూల్ నవ్వాడు.

"ఈయన పోలీసా? రెండేళ్ళుగా రెండో చెంచా చక్కెర కూడా అడగలేదమ్మా. ఇలాంటి పోలీసుని ఎక్కడైనా చూశామా?"

రబాబ్ నవ్వలేదు. ముసలాయన గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. అందరికీ వినబడేలా చదివింది.

"అబ్దుల్‌బాకీ జర్రాద్." కార్డు తిప్పింది. "వృత్తి, ఏమీ లేదు. ఏ పనీ లేనివాడికి నా కంప్యూటర్‌తో ఏం పని?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆయన కార్డు తీసుకున్నాడు. "నన్ను నమ్మక్కర్లేదమ్మా. ఆ ఫైలే..."

"ఇక చాలు."

ఆయన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, సగం టీ వదిలేసి వెళ్ళిపోయాడు.

మూడుంపావుకి బటన్ల ఫోను మోగింది. కేసు మూసేశారు.

మబ్రూకా తల మీది గుడ్డ సర్దుకుంది. "నువ్వు మాత్రం ఏం చేస్తావు తల్లీ," అంది. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేదనుకుంది రబాబ్.

సాయంత్రం సుహైల్ వచ్చాడు. పెన్‌డ్రైవ్ పెట్టి ఒక వరుస కొట్టాడు. పది అంకెలు లెక్కపెట్టేలోగా వైఫై వచ్చింది.

"ఎవరిదది?"

"ఎవరిదో ఏమిటో. బస్‌స్టాండ్ పక్క ఇంటర్నెట్ కొట్లో ఫైలు దింపుకుని, కొట్టువాడి పెన్‌డ్రైవే అడిగి పట్టుకొచ్చా."

"ముక్కూ మొహం తెలీని వాడి దగ్గర తీసుకుని ఎలా పెడతావు?"

"తెచ్చినవాడితో పనేముంది? ఫైలు మీద తయారుచేసినవాళ్ళ ముద్ర ఉంటుంది. అసలుదో నకిలీదో యంత్రమే పోల్చుకుంటుంది. నకిలీదైతే తీసుకోదు. దయ్యం తెచ్చినా భయం లేదు." సుహైల్ ఆమె మొహం చూశాడు. "అందరికీ భద్రత పాఠాలు చెప్తావు, ఇది తెలీదా?"

తెలీదు. ఆ ముసలాయన చెప్పబోయింది అదే. రబాబ్ చెప్పనివ్వలేదు.

మర్నాడు కాఫీ కొట్టుకి వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

"రావడం మానేశాడమ్మా," అన్నాడు జల్లూల్. ఈసారి అతను నవ్వలేదు. "ఇల్లెక్కడో మాకెవరికీ తెలీదు. మీరే కదా కార్డు చదివారు?"

కార్డు వెనక వృత్తి కిందే చిరునామా ఉంటుంది. నలుగురిలో తలదించుకునేలా చేయడానికి పనికొచ్చేంత వరకే రబాబ్ చదివింది.

నెల తర్వాత, కేసు తిరిగి తెరవమని అర్జీ పంపుతుంటే వైఫై ఒకసారి ఆగింది. ఈసారి ఎవరినీ అడగకూడదనుకుంది. ఆ వైఫైని నడిపే ప్రోగ్రాము గురించి సిస్టమ్‌లోనే ఉన్న వివరణ తెరిచి, మొదటి నుంచి ఓపిగ్గా చదివింది. తప్పు దొరికింది. సరిచేసింది. అర్జీ వెళ్ళింది.

మూసేయబోతూ పుట అడుగున ఉన్న ఆఖరి వరుస చదివింది.

'ఈ ప్రోగ్రాము రాసినది: అబ్దుల్‌బాకీ జర్రాద్.'

ఇప్పుడు సంఘం కాగితాలన్నీ ఆయన రాసిన దాని మీదుగానే వెళుతున్నాయి. ఆయనకు క్షమాపణ మాత్రం రబాబ్ ఇంకా చెప్పలేదు.